పాత వాచీకి ఏ బెల్టు వేయాలి, చైన్ ఎప్పుడు వేయాలి

పాత వాచీ చేతికి రాగానే అందరూ రంగు దగ్గరే మొదలుపెడతారు. బ్రౌన్ బాగుంటుందా, నలుపా, మొసలి తోలు అచ్చు వేసిందా అని. రంగు సంగతి చివర్లో చూద్దాం, అది తప్పయినా కొంప మునిగేదేం లేదు, పది నిమిషాల్లో ఇంకోటి వేసుకోవచ్చు. కానీ బెల్టు మందం కుదరకపోయినా, చైన్ చివరి ముక్క సరిగ్గా కూర్చోకపోయినా, పిన్ను సైజు తేడా వచ్చినా దెబ్బ తినేది వాచీ. బెల్టు పోతే బెల్టు దొరుకుతుంది, 1958 నాటి కేస్, అంటే వాచీ లోహపు ఒళ్లు, అరిగిపోతే అలాంటిది ఇంకోటి ఎక్కడ తెస్తాం? అందుకే నేను దేన్నైనా ఈ ఒక్క లెక్కతోనే చూస్తాను: రెండిట్లో ఏదో ఒకటి అరగాల్సి వస్తే అరిగేది బెల్టు కావాలి, కేస్ కాదు.

ముందు కొలతలు, తర్వాతే షాపింగ్

బెల్టు వచ్చి కూర్చునే రెండు కొమ్ముల మధ్య ఖాళీని, అందరూ లగ్ సైజు అనేదాన్ని, వెర్నియర్‌తో కొలవండి. అమ్మినవాళ్లు రాసిన సైజు నమ్మొద్దు, చాలాసార్లు అప్పటికి వాచీకి ఏ బెల్టు ఉంటే దాని సైజే రాసేస్తారు. 1940ల నుంచి 1960ల దాకా వచ్చిన మగవాళ్ల వాచీల్లో 18 మిల్లీమీటర్లు బాగా కనిపిస్తుంది, 16, 17 కూడా అరుదేం కాదు. తలనొప్పి తెచ్చేది 19. 34 మిల్లీమీటర్ల పాత రోలెక్స్ ఆయిస్టర్ పర్పెచువల్, సూటి కొమ్ముల తొలి ఒమేగా స్పీడ్‌మాస్టర్లు, సీకో 6105 డైవర్ (నీళ్లలో దిగేవాళ్ల కోసం చేసిన వాచీ), ఇవన్నీ 19వే. తేలిగ్గా దొరికే బెల్టులేమో 18, 20. 18 వేస్తే అటూ ఇటూ అర మిల్లీమీటరు ఖాళీ వస్తుంది, సందులోంచి పిన్ను కనిపిస్తుంది, బెల్టు పక్కలకి జరుగుతూ ఉంటుంది. మెత్తటి తోలైతే 20ని నొక్కి కూర్చోబెట్టొచ్చు గానీ అంచులు ముడతపడతాయి, పిన్ను పెట్టాలన్నా తీయాలన్నా నానా అవస్థ. చైన్‌కైతే అసలు ఈ సర్దుబాట్లే పనికిరావు. 19 ఉంటే 19 దొరికేదాకా ఆగండి, దొరకవని కాదు, కాస్త వెతకాలి అంతే.

వెడల్పు ఒకటే చూసి ఆర్డర్ పెట్టేస్తారు, మందం ఎవరికీ గుర్తురాదు. నా దృష్టిలో పాత వాచీ అందం చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. రోజూ కీ ఇచ్చే పలచటి వాచీకి రెండు మిల్లీమీటర్ల ఫ్లాట్ బెల్టు సరిపోతుంది. చేతి కదలికతో తనే కీ తిరిగే, కాస్త ఒళ్లున్న ఆటోమేటిక్ అయితే కొమ్ముల దగ్గర మూడు దాకా వెళ్లొచ్చు. ఇప్పటి 42, 44 మిల్లీమీటర్ల వాచీల కోసం చేసిన నాలుగైదు మిల్లీమీటర్ల మెత్త బెల్టులుంటాయి చూడండి, వాటిని తెచ్చి 34 మిల్లీమీటర్ల వాచీకి తగిలిస్తే ముందు కనిపించేది బెల్టే, వాచీని వెతుక్కోవాలి. చూపు సంగతి పక్కన పెట్టినా, మందం ఎక్కువైతే తోలు కేస్ పక్కభాగానికి ఒరుసుకుంటుంది, వంచినప్పుడల్లా పిన్ను మీద బరువు పడుతుంది. వాచీని పక్కనుంచి చూసి కొమ్ము మందం కంటే బెల్టు మందం ఎక్కువ లేకుండా చూసుకుంటే చాలు.

ఇంకొకటి, బెల్టు కిందికి వెళ్లేకొద్దీ సన్నబడాలి. పాత బెల్టులు పైన 18 ఉంటే బకిల్ దగ్గర 16, ఒక్కోసారి 14కి కూడా దిగేవి. ఇప్పుడు పైనుంచి కిందదాకా ఒకే వెడల్పు ఉన్నవి చాలా వస్తున్నాయి, అవి పాత డ్రెస్ వాచీ (మంచి బట్టలతో పెట్టుకునే పలచటి వాచీ) మీద మొద్దుగా ఉంటాయి. కొనేటప్పుడు రెండు అంకెలూ చూడండి, 18/16 అని ఉంటే నిశ్చింత.

పిన్నుల దగ్గర పిసినారితనం వద్దు

స్ప్రింగ్ బార్, మనం మామూలుగా పిన్ను అనేది, వాచీని చేతికి పట్టి ఉంచే ఏకైక వస్తువు. అది తెగితే వాచీ నేల మీద. అయినా కొత్త బెల్టు వేసేటప్పుడు పాత పిన్నులే మళ్లీ వాడతారు! తీసినప్పుడు ఒకసారి వేళ్ల మధ్య పెట్టి చివర నొక్కి చూడండి. టక్కున వెనక్కి రావాలి. గరగరమంటూ ఆగి ఆగి వచ్చినా, వదిలాక లోపలే ఉండిపోయినా లోపల చెమటకి తుప్పు పట్టిందని అర్థం, పారేయండి. కొంచెం వంగినట్టున్నా అంతే.

పిన్ను లావులో కూడా తేడాలున్నాయి. సన్న బెల్టులకి 1.5 మిల్లీమీటర్లు, మామూలు వాటికి 1.8, కొన్ని రోలెక్స్ ఆయిస్టర్ కేసులకి 2.0, సీకో డైవర్లకి 2.5 మిల్లీమీటర్ల లావువి. ఒళ్లు లావు కంటే ముఖ్యం చివరి మొన లావు. కొమ్ములో రంధ్రం పెద్దది, పిన్ను మొన సన్నది అయితే అది ఆడుతూనే ఉంటుంది, ఆడి ఆడి గుండ్రటి రంధ్రం కోలగా అయిపోతుంది. అది బాగుచేయాలంటే వెల్డింగు, పాలిష్, బోలెడు తతంగం, అప్పటికి కేస్ ఆకారం మారిపోతుంది. పిన్నుల జతకి అయ్యే ఖర్చుతో పోలిస్తే ఇదంతా ఎందుకు చెప్పండి.

కొన్ని వాచీలకి పిన్నులే ఉండవు, కొమ్ముల మధ్య కడ్డీ అతికేసి ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి తీగ కొమ్ముల వాచీలు, చాలా బ్రిటిష్ మిలిటరీ వాచీలు ఇలాంటివే. వీటికి మామూలు రెండు ముక్కల బెల్టు ఎక్కదు. కడ్డీ కోసి రంధ్రాలు వేయిద్దాం అనే సలహా ఎవరైనా ఇస్తే వినకండి. కడ్డీ కిందనుంచి దూర్చే నైలాన్ బెల్టు వేయండి, లేదంటే చివర తెరిచి ఉండి కడ్డీ చుట్టూ చుట్టి అతికే తోలు బెల్టులు వస్తాయి, అవి.

తోలు

పది పాత వాచీల్లో ఏడెనిమిదింటికి నా మొదటి సలహా తోలే. తేలిక, కేస్‌ని గీయదు, తనే అరుగుతుంది, మన లెక్కకి సరిగ్గా సరిపోతుంది. అందులోనూ పెద్దగా మెత్త లేని దూడతోలు ఫ్లాట్ బెల్టు అయితే ఏ వాచీకైనా నప్పుతుంది. బల్లి తోలు చాలా పలచన, పొలుసులు చిన్నవి కాబట్టి చిన్న డ్రెస్ వాచీల మీద బాగుంటుంది, కానీ త్వరగా ఎండి పొలుసు లేస్తుంది. మొసలి తోలు ఖరీదుకి తగ్గట్టు మన్నుతుంది, అయితే అది అరుదైన జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం కిందికి వస్తుంది, వేరే దేశం నుంచి తెప్పించుకుంటే కాగితాలు అడుగుతారు, లేకపోతే పార్సిల్ ఆగిపోతుంది. కార్డోవన్ అని గుర్రం పిరుదు భాగం తోలు ఒకటి ఉంది, దట్టంగా ఉంటుంది, మడతలు పడి పగలదు, వాడేకొద్దీ నిగనిగలాడుతుంది. నాకు బాగా ఇష్టం. నీటి చుక్కలు పడితే మాత్రం మచ్చలు తేలతాయి. స్వేడ్, అంటే నూగు పైకి ఉండే తోలు, 1960ల స్టీల్ వాచీలకి భలే ఉంటుంది గానీ చెమట ఎక్కువ పట్టే చేతులకి వద్దు, మొత్తం పీల్చుకుని నల్లబడిపోతుంది.

జెన్యూన్ లెదర్ అని ముద్ర ఉంటే మంచి తోలని కాదు, తోలు అని మాత్రమే. పక్క అంచు చూడండి. రెండు పొరల మధ్య అట్టలాంటి పూరకం కనిపిస్తోందా, అంచుకి వేసిన రంగు అప్పుడే పెచ్చులూడుతోందా, రంధ్రాల దగ్గర వంచితే పైపొర సన్న గీతలుగా చీలుతోందా, ఇవన్నీ కొనకముందే తెలిసిపోతాయి. ఆన్‌లైన్‌లో కొంటుంటే అంచు ఫోటో అడగండి, పంపనివాళ్ల దగ్గర కొనకండి.

తోలుకి శత్రువు చెమట. తడిసిన బెల్టుని అలాగే పెట్టెలో మూసేస్తే బూజు పడుతుంది, వాసన వస్తుంది, ఆ ఉప్పు తడి కేస్ వెనకభాగాన్ని కూడా తింటుంది. పాత వాచీల్లో చాలావాటికి వెనక మూత మాత్రమే స్టీలు, కేస్ ఒళ్లు ఇత్తడి మీద క్రోమ్ పూత, ఆ పూత కొమ్ముల వెనక, బెల్టు తగిలే చోటే ముందుగా పొక్కుతుంది. అందుకని రెండు బెల్టులు పెట్టుకుని మార్చి మార్చి వాడటం, తీసిన రాత్రి గాలికి ఆరనివ్వడం, ఇవి చాదస్తం కాదు. మూత కింద తోలు పట్టా ఉండే బుండ్ బెల్టు జర్మన్ సైనిక పైలట్ల స్టాప్‌వాచ్ వాచీలైన క్రోనోగ్రాఫ్‌లతో పేరు తెచ్చుకుంది. కేస్‌కి చెమట తగలకుండా ఆపడంలో దాన్ని మించింది లేదు, కాకపోతే చిన్న డ్రెస్ వాచీ మీద చూడలేం.

నేటో, పెర్లాన్, రబ్బరు

నేటో బెల్టు మీద నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. అది బ్రిటిష్ రక్షణ శాఖ 1973లో ప్రమాణం రాసి తెచ్చిన బూడిదరంగు నైలాన్ పట్టీ, 20 మిల్లీమీటర్లది, సైనికులు దాన్ని తీసుకోవడానికి నింపే జి1098 ఫారం పేరు మీద జి10 అని కూడా అంటారు. పనికోసం పుట్టింది, పని బాగా చేస్తుంది: ఒక పిన్ను ఊడినా వాచీ కింద పడదు. కానీ వాచీ కిందనుంచి రెండు పొరలు వెళ్తాయి. మందపాటి డైవర్‌కి తెలియదు, పలచటి 34 మిల్లీమీటర్ల వాచీకి వేస్తే అది ఎత్తు పీట ఎక్కి కూర్చున్నట్టు ఉంటుంది, చొక్కా కఫ్ కిందికి దూరదు. పైగా నేత సందుల్లో దుమ్ము చేరి, జరిగినప్పుడల్లా కొమ్ముల లోపలివైపు సన్నగా గరుకు కాగితంలా రాస్తుంది. మిలిటరీ వాచీ అయితే, అతికిన కడ్డీ అయితే, ఈత కొట్టేదైతే వేయండి. మామూలు పాత స్టీల్ ఆటోమేటిక్‌కి నైలానే కావాలనుకుంటే ఒకటే పొర ఉండేది తీసుకోండి. రెండుకీ తరచూ ఉతకడం తప్పదు.

పెర్లాన్ సంగతి వేరు, దాన్ని ఎందుకో తక్కువ చేస్తారు. అల్లిన నైలాన్ దారాల పట్టీ, రంధ్రాలు ఉండవు, బకిల్ ముల్లు అల్లికలో ఎక్కడైనా దూరుతుంది కాబట్టి చేతికి సరిగ్గా సరిపోతుంది. మిల్లీమీటరుకి కాస్త ఎక్కువ మందం అంతే, గాలి ఆడుతుంది, సబ్బునీళ్లలో ఉతికితే గంటలో ఆరుతుంది. ఎండాకాలం పాత వాచీ పెట్టుకోవాలంటే నేను దీన్నే చెబుతాను, డ్రెస్ వాచీల మీద కూడా బూడిదరంగు పెర్లాన్ ఎబ్బెట్టుగా ఉండదు. లోపం ఏమిటంటే ముల్లు గుచ్చినచోట కొన్నాళ్లకి దారాలు విడిపోతాయి. తక్కువ ఖరీదే, మార్చేయండి.

రబ్బరు డైవర్లకే. 1960ల స్విస్ డైవర్లతో వచ్చిన ట్రాపిక్ తరహా, పైన వజ్రాల గళ్ల అచ్చు, చిన్న రంధ్రాలు ఉండేది, వాటికి ఇప్పటికీ అదే బాగుంటుంది. పాత ఒరిజినల్ ట్రాపిక్ దొరికితే దాచుకోండి, పెట్టుకోకండి, గట్టిపడి పిన్ను దగ్గర పుటుక్కున తెగుతుంది. కొత్తవాటిలో సిలికాన్ మెత్తగా ఉంటుంది గానీ ఎక్కడ దూది పోగున్నా తనకే అంటించుకుంటుంది. ఎఫ్‌కేఎం అనే ఫ్లోరిన్ కలిసిన రబ్బరు ఉప్పునీటికీ ఎండకీ తట్టుకుంటుంది, కాస్త ఎక్కువైనా అదే కొనండి.

చైన్: అసలు తికమక ఇక్కడే

పాత వాచీకి చైన్ వేయాలా వద్దా అన్నది ఆ వాచీ పుట్టినప్పుడు చైన్‌తో పుట్టిందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. 1945లో రోలెక్స్ డేట్‌జస్ట్‌తో పాటే జూబిలీ చైన్ వచ్చింది, ఆ వాచీకి అది ఒంటి భాగం లాంటిది. జెనీవాలో 1835లో మొదలైన గే ఫ్రేర్ అనే సంస్థ రోలెక్స్, పటెక్ ఫిలిప్, హోయర్, జెనిత్ లాంటి వాళ్లకి చైన్లు చేసిపెట్టేది, చివరికి 1998లో దాన్ని రోలెక్సే కొనేసింది. 1969 జెనిత్ ఎల్ ప్రిమెరోకి వాళ్లు చేసిన నిచ్చెన మెట్ల చైన్ ఉందంటే వాచీ ధర కూడా మారిపోతుంది. ఇలాంటి వాచీకి సరైన చైన్ దొరికితే తోలు గురించి ఆలోచించనక్కర్లేదు.

సరైనది అంటే ఏమిటి? చైన్ చివర కేస్‌ని తాకే ముక్క ఉంటుంది, ఎండ్ లింక్. అది ఆ మోడల్ కేస్ వంపుకే చేసి ఉంటుంది, అందుకే దాని మీద ఒక నంబర్ కొట్టి ఉంటుంది. ఒమేగా 1171 చైన్ స్పీడ్‌మాస్టర్‌కి కావాలంటే ఎండ్ లింకులు 633 ఉండాలి, అదే చైన్ ఇంకో మోడల్‌కి ఇంకో నంబర్‌తో వస్తుంది. దగ్గర దగ్గరగా ఉంది కదా అని వేరేది పెడితే అది కొమ్ముల మధ్య కదులుతూ ఉంటుంది. పాత వాచీ బెల్టు తీసి కొమ్ముల లోపలివైపు దీపం కింద పెట్టి చూడండి: చాలావాటిలో సగం ఎత్తు దగ్గర అడ్డంగా మెరిసే ఒక గాడి కనిపిస్తుంది, వేలి గోరు పెడితే అక్కడ తగులుకుంటుంది. సరిగ్గా కూర్చోని ఎండ్ లింక్ ఏళ్ల తరబడి చేసిన పని అది.

బంగారు పూత వాచీకైతే ఇది మరీ దారుణం. మూత మీద 20 మైక్రాన్లు అని రాసి ఉంటే పూత మందం 0.02 మిల్లీమీటర్లు అన్నమాట. దానికి స్టీలు చైన్ రాసుకుంటే ఎంతకాలం ఆగుతుంది? కొమ్ముల మూలల్లో ముందు కింది ఇత్తడి బయటపడుతుంది. పూత ఉన్న వాచీకి లోహం చైన్ వద్దు, ఎంత బాగున్నా వద్దు. ఈ ఒక్కదాంట్లో నేను బేరాలకి ఒప్పుకోను.

వాడిన చైన్ కొంటుంటే సాగుడు చూడాలి. బకిల్ పక్కకి తిప్పి చైన్‌ని అడ్డంగా, పక్క అంచు పైకి ఉండేలా పట్టుకోండి. బాగున్నది దాదాపు తిన్నగా నిలబడుతుంది, అరిగినది కొస దగ్గర కిందికి వాలిపోతుంది. లింకులు సాగవు నిజానికి, లోపలి పిన్నులూ వాటి రంధ్రాలూ అరిగి సందు పెరుగుతుంది. 1950లు, 60ల చైన్లలో చాలావరకు గట్టి ముక్కలు కావు, రేకుని మడిచి చేసినవి. తేలిగ్గా, చేతికి హాయిగా ఉంటాయి, కానీ త్వరగా సాగుతాయి, బాగుచేయడం కూడా కష్టం. కొంచెం వాలినా పరవాలేదు, లింకుల మధ్య వెలుగు కనిపించేంత సందు ఉంటే వదిలేయండి, అది ఏ రోజు తెగుతుందో చెప్పలేం.

ఒరిజినల్ దొరకనప్పుడు ఏం చేయాలి? తోలుకి వెళ్లడం మంచిది. లేదు చైనే కావాలంటే ఎండ్ లింక్ లేకుండా తిన్నటి చివర ఉన్నది చూడండి, సన్న జాలీ అల్లిక ఉన్న మిలనీస్ కానీ, బియ్యపు గింజల వరసల్లా ఉండే బీడ్స్ ఆఫ్ రైస్ కానీ. రెండూ మెత్తగా వంగుతాయి, 1950ల, 60ల వాచీల కాలానికి చెందినవే, కేస్‌ని తాకకుండా పిన్ను మీదే వేలాడతాయి. మిలనీస్‌లో వెంట్రుకలు లాగనిది కావాలంటే అల్లిక ఎంత సన్నగా ఉంటే అంత మేలు. సాగే స్ప్రింగ్ చైన్లు, 1959లో స్పైడెల్ కంపెనీ ట్విస్ట్ ఓ ఫ్లెక్స్ పేరుతో తెచ్చినలాంటివి, పెట్టుకోవడానికి తేలిక, చేతి వెంట్రుకలకి నరకం. కీళ్లనొప్పుల వల్ల బకిల్ పెట్టుకోలేని పెద్దవాళ్లకి మాత్రం నిజంగా ఉపకారం. ఇక ఇప్పటి గట్టి స్టీలు ముక్కల చైన్ పాత వాచీకి వేయొద్దు, చైన్ బరువు వాచీ బరువుని మించిపోయి అంతా కిందికి లాగుతుంది.

మరి ఏ వాచీకి ఏది

బంగారు పూత, 33 నుంచి 35 మిల్లీమీటర్లు, రోజూ కీ ఇచ్చేది: ఫ్లాట్ తోలు, సన్నబడేది, కుట్టు తోలు రంగులోనే. స్టీలు ఆటోమేటిక్, ఒరిజినల్ చైన్ ఉంది: సాగుడు చూసి, బాగుంటే అదే వాడండి, వారానికి కొన్ని రోజులు తోలు పెడితే చైన్ కూడా పదికాలాలు ఉంటుంది. డైవర్: రబ్బరు లేదా నైలాన్, నీళ్లలోకి వెళ్లే ముందు వాచీకి ఇప్పటికీ వాటర్‌ప్రూఫ్ టెస్ట్ చేయించారా అన్నది బెల్టు కంటే ముందు ప్రశ్న. క్రోనోగ్రాఫ్‌లకి వేడి తగ్గించే రంధ్రాల రాలీ తోలు బాగుంటుంది, 1960ల, 70ల వాటి స్పోర్టీ డయల్‌తో కలిసిపోతుంది. చతురస్రం, దీర్ఘచతురస్రం వాచీలకి మాత్రం తోలు తప్ప ఇంకోటి ఊహించుకోవడం కష్టం. ఆడవాళ్ల చిన్న వాచీల్లో లగ్ 8, 10, 12 ఇలా ఉంటుంది, రెడీమేడ్‌గా దొరకనప్పుడు కుట్టించుకోవడమే దారి, పిన్ను సన్నగా ఉంటుంది కాబట్టి బరువైన తోలు అడగొద్దు.

రంగు. డయల్ పాతబడి మీగడ రంగుకి తిరిగితే తేనె రంగు, గోధుమ రంగు తోళ్లు. వెండి డయల్‌కి బూడిద, ముదురు నీలం. నల్ల డయల్‌కి నల్ల తోలు మరీ అంత్యక్రియల్లా అనిపిస్తే ముదురు గోధుమ రంగు. తెల్లదారం కుట్టు స్పోర్టీగా చూపిస్తుంది, డ్రెస్ వాచీకి వద్దు. ఇంతే, మిగతాది మీ ఇష్టం.

బెల్టు మార్చేటప్పుడు కొమ్ముల వెనక టేపు అంటించండి, టూల్ జారితే గీత టేపు మీద పడుతుంది. క్విక్ రిలీజ్ పిన్నులు ఉన్న బెల్టులు రోజూ మార్చేవాళ్లకి వరం, టూల్ అవసరమే రాదు, కాకపోతే ఆ చిన్న మీట కోసం పిన్ను సన్నగా ఉంటుంది, బరువైన వాచీకి నేను వాడను.

ఒరిజినల్ బకిల్ ఉంటే, కంపెనీ గుర్తు ఉన్నది, పాత బెల్టుతో పాటు పారేయొద్దు. దాని లోపలి వెడల్పు కొలిచి, సాధారణంగా 14 లేదా 16 ఉంటుంది, కొత్త బెల్టు కింది అంకె దానికి సరిపోయేట్టు ఆర్డర్ పెట్టండి. బకిల్ కూడా బంగారు పూతదైతే ముల్లు దగ్గర పూత పోయి ఉంటుంది, దాన్ని మళ్లీ పూత వేయించే పని పెట్టుకోకండి, డయల్ వయసుతో పాటు అదీ ఉండనివ్వండి. తీసేసిన ఒరిజినల్ చైన్, అదనపు లింకులు ఒక జిప్ కవర్లో వేసి, మీద వాచీ రెఫరెన్స్ నంబర్, అంటే మోడల్ నంబర్, రాసి పెట్టండి. రేపు వాచీ అమ్మాల్సి వస్తే కొనేవాళ్లు మొదట అడిగేది ఆ కవరే.